పడవ గుర్తు

ఆ చలికాలం నేను రోజుకి రెండు పూటలా అబద్ధం చెప్పాను. సగం కాలం తెలియక చెప్పాను, సగం కాలం తెలిసి చెప్పాను. వినేవాళ్ళకి తేడా కనిపించలేదు. దాపరికం దేనికి, తెలిశాక ఇంకాస్త బాగా చెప్పాను.

నా పని పాత ఊరు చూపించడం. పొద్దున ఎనిమిదింటికి ఒక గుంపు, ఎండ వాలాక ఇంకో గుంపు. నెత్తిన టోపీలు, చేతుల్లో నీళ్ళ సీసాలు, మెడల్లో కెమెరాలు వేసుకుని ఇరవై మంది బాతుపిల్లల్లా నా వెనకాల నడుస్తారు. కోట వాకిలి దగ్గర మొదలుపెట్టి, సరుకు తూచే మండపం, అద్దకంవాళ్ళ సందు, గుర్రాలు నీళ్ళు తాగిన తొట్టి చూపించి, ఉత్తరపు గోడ దగ్గర దండం పెట్టి పంపిస్తాను. ఏడు వందల ఏళ్ళ చరిత్ర, రెండు గంటల నడక.

"ఏడొందల ఏళ్ళని రెండు గంటల్లో తేల్చేస్తావు, కూరలకి వెళ్తే మాత్రం నీకు పూటంతా పడుతుంది" అనేవాడు మా ఆయన. ఆయన లిఫ్టుల మెకానిక్. పొద్దస్తమానం చీకటి గొట్టాల్లో వేలాడి వస్తాడు గనక, ఇంటికి రాగానే ఎవరో ఒకరిని ఏడిపించాలి.

ఉత్తరపు గోడ దగ్గరికి చేరేసరికి జనానికి కాళ్ళు పీకుతుంటాయి. రాజులూ సుంకాలూ ముట్టడులూ అన్నీ కలిసిపోయి బుర్ర అంబలి అయిపోతుంది. అక్కడ వాళ్ళని ఒక్క నిమిషం కట్టిపడేసే వస్తువు ఏదైనా కావాలి. నాకు పడవ దొరికింది.

నిలబడితే ఛాతీ ఎత్తున, కిందనుంచి ఆరో వరసలో, ఒక రాయి మీద జానెడు బొమ్మ. పైకి తెరుచుకున్న దొప్పలాంటి గీత. దాని అడుగున కొక్కెంలాగా చిన్న వంకర. పడవ, పడవకింద చుక్కాని. దాన్ని కనిపెట్టింది నేనే. అంతకుముందు ఏ పుస్తకంలోనూ లేదు.

"వెనకటి రాతి పనివాళ్ళు ఎవరి రాయి మీద వాళ్ళు గుర్తు చెక్కుకునేవాళ్ళు" అని మొదలుపెట్టేదాన్ని. "ఈ గోడ పొడుగునా వెతకండి. చేప ఉంటుంది, బాణం ఉంటుంది, నిచ్చెన ఉంటుంది. ఒక్కోటి యాభైసార్లు కనిపిస్తుంది. పడవ మాత్రం ఈ ఒక్క రాయి మీదే ఉంది. ఎందుకంటారు? ఇతను ఈ ఊరివాడు కాదు. ఏటి మీద ఎక్కణ్ణుంచో వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. ఒక్క రాయి మీద తన ఊరు చెక్కుకుని వెళ్ళిపోయాడు."

అక్కడ ఆపేదాన్ని. అంతవరకూ బిస్కెట్లు నములుతున్నవాళ్ళు కూడా నోళ్ళు ఆపేవారు. ఎవరో ఒకరు చెయ్యి చాచి ఆ గీతలో వేలు పెట్టేవారు. వేలు పెట్టాక "దయచేసి ముట్టుకోకండి" అనేదాన్ని. ముందే అనకూడదు. ముట్టుకున్నాక అంటే దొంగతనం చేసినట్టు జన్మంతా గుర్తుంటుంది. ఇదంతా డిగ్రీలో చెప్పరు, మా ఊరి సంతలో గాజులమ్మే అవ్వ దగ్గర నేర్చుకున్నాను.

ఒక పెద్దాయన దీని గురించి పత్రికలో రాశాడు. నన్ను అందరూ 'పడవ మేడం' అనడం మొదలుపెట్టారు. పురావస్తు శాఖవాళ్ళు పిలిచి వివరంగా రాసిమ్మంటే నాలుగు పేజీలు రాసి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆ పేజీలు రాసిన రాత ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంటుంది. ఒక్క కొట్టివేత లేదు.

మేం ఉండేదీ ఆ గోడ వారనే. పడవ రాయికి ఇవతల, గోడకి వీపు ఆనించి పదకొండు ఇళ్ళు, నాలుగోది మాది. మాది అంటే మా ఆయన నాన్నది, మా మావయ్యది. వెనకెప్పుడో ముసురుకి ఆ మేర గోడ కూలిపోతే, తిరిగి కట్టడానికి వచ్చిన పనివాళ్ళు దాని నీడనే పాకలు వేసుకున్నారు, పాకలు ఇళ్ళయ్యాయి. పడిపోయిన పాత రాళ్ళనే ఏరి మళ్ళీ పేర్చారని ఊళ్ళో అందరూ అంటారు, ఆఫీసు రికార్డులోనూ అంతే ఉంది. ఇళ్ళకి మూడేసి గోడలే సొంతం, నాలుగోది కోటది. ఆ నాలుగో గోడ వానలు వెళ్ళిన మూడు నెలల దాకా ఏడుస్తూనే ఉంటుంది. పెట్టెలో బట్టలకి బూజు. నా డిగ్రీ పట్టాకి బూజు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు నేను ఆ చెమ్మ వాసనలో పడుకుని లేచాను.

మా మావయ్య రాతి మేస్త్రి. డెబ్భై రెండేళ్ళు. నా నడకకి ఎప్పుడూ రాలేదు. "నా చేత మోయించిన రాళ్ళు నాకే చూపిస్తావా?" అని నవ్వేవాడు. అలాంటిది సీజను మొదలైన మూడో వారంలో ఒక పొద్దున కోతిటోపీ పెట్టుకుని వాకిలి దగ్గర గుంపులో నిలబడి ఉన్నాడు.

"ఏంటి మావయ్యా?"

"మోకాళ్ళకి నడవమన్నాడు డాక్టరు. ఎవరో ఒకళ్ళ వెనక నడవాలిగా. నీ వెనక నడిస్తే చదువు కూడా వస్తుంది."

దారి పొడుగునా కుదురుగా ఉంటేనా! తూకపు మండపం దగ్గర నేను "ఇక్కడ రాళ్ళ మధ్య సున్నం చుక్క లేదు" అన్నానో లేదో, వెనకనుంచి "లేకపోతే ఈపాటికి నీ నెత్తిన ఉండేది అమ్మాయ్, లోపలంతా గానుగ సున్నమే" అన్నాడు. జనం ఘొల్లున నవ్వారు. ఒకావిడ ఆయన పక్కకి చేరి, నన్ను వదిలేసి ఆయన్నే ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

పడవ దగ్గరికి వచ్చాం. చెప్పాల్సిందంతా చెప్పి ఆపాను. మావయ్య టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గుంపులోంచి ముందుకొచ్చి అరచెయ్యి మొత్తం ఆ రాయి మీద ఆనించాడు. వేలు పెట్టినవాళ్ళని చూశాను గానీ అలా చెయ్యి ఆనించినవాళ్ళని చూడలేదు. పిల్లల నుదురు చూస్తారే జ్వరానికి, అలాగ.

"దయచేసి ముట్టుకోకండి తాతగారూ" అన్నాను, గుంపుకి వినిపించే గొంతుతో.

మళ్ళీ నవ్వారు. ఆయన చెయ్యి తీసేశాడు.

మధ్యాహ్నం ఇంట్లో టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు.

"అమ్మాయ్, అది పడవ కాదు."

"మరి?"

"గ."

"గ ఏంటి?"

"గ. మన గ. అక్షరం. రాయి తలకిందులుగా పడింది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మీ అత్త ఆ పనిలో సున్నం మోసేది" అన్నాడు. మా అత్తని నేను చూడలేదు. నా పెళ్ళికి ముందే పోయింది. "రెండో తరగతి దాకా చదివింది. నాకన్నా రెండు తరగతులు ఎక్కువ. నాకేమో ఒక్క ముక్కా రాదు. ఒకరోజు గంప దించి, 'అందరికీ గుర్తులున్నాయి, ఎండలో చచ్చేదాన్ని నాకేది?' అంది. నేను దాన్ని గువ్వా అనేవాణ్ణి. అలాగే పిలిచేవాణ్ణి. వేలు సున్నంలో ముంచి, నేను చెక్కుతున్న రాయి మీద గ రాసింది. 'ఇదిగో, ఇది నేను' అంది. ఆ తడి గీత మీదే ఉలి పెట్టి చెక్కాను. నాకొచ్చిన అక్షరం అదొక్కటే అమ్మాయ్."

"మరి తలకిందులుగా ఎలా..."

"పైన పేర్చేవాడికి మాత్రం చదువొచ్చా? పెట్టేశాడు. చూసేసరికి సున్నం బిగిసింది, పైన ఇంకో రాయి కూర్చుంది. నేను వాడి మీదికి సుత్తి ఎత్తాను. అదేమో కడుపు పట్టుకుని నవ్వుతోంది. 'తలకిందులైనా నేనేగా, వదిలెయ్' అంటుంది." గ్లాసు చేతుల్లో తిప్పాడు. "అది పోయాక నేను ఆ పక్కకి పోలేదు. ఇవాళే."

నా బుర్ర అత్త దగ్గర ఆగలేదు. ఏం చెయ్యను, అది ఆగే బుర్ర కాదు.

"మావయ్యా, ఆ రాయి పాతది కదా? మీరు గుర్తొక్కటే కొత్తగా చెక్కారా?"

"పాత రాళ్ళెక్కడివి అమ్మాయ్? కూలిన వారానికే లారీల్లో ఎత్తుకుపోయారు. ఏ పెద్దాయన మేడకింద ఉన్నాయో. మా చేత కొత్త రాళ్ళు చెక్కించి, మసీ పేడనీళ్ళూ కలిపి పూయించారు. పుల్లమజ్జిగ కొట్టించారు పాచి పట్టడానికి. నోరెత్తితే పనిలోంచి తీసేస్తామన్నారు. పదకొండు ఇళ్ళ వెనకా, ఆ రాయి దాకా ఉన్న గోడంతా మా చేతి పనే. ముప్పై ఒక్క ఏళ్ళయింది."

"ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు?"

"నేనున్నాను. మిగతావాళ్ళంతా పోయారు."

"అయితే ఎవరితోనూ అనకండి. ఈ సీజను గడిచేదాకా."

ఆయన నావైపు చూశాడు. తప్పు పట్టిన చూపు కాదు. "నేనెందుకంటానమ్మా? నువ్వు పడవే అనుకో. దానికీ పడవెక్కాలని ఉండేది. ఎక్కించలేకపోయాను" అని టీ తాగేశాడు.

సాయంత్రం గుంపుకి పడవ గురించి ఎప్పటికన్నా రెండు మాటలు ఎక్కువే చెప్పాను. "అతనికి ఇంటిదగ్గర ఒక భార్య ఉండే ఉంటుంది" అన్నాను. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

పది రోజులకి పురావస్తు శాఖ డైరెక్టరు గారు పిలిపించారు. మెత్తగా మాట్లాడే మనిషి. కుర్చీ తానే జరిపి కూర్చోబెట్టారు. నా నాలుగు పేజీలూ బల్ల మీదున్నాయి, అక్కడక్కడా ఎర్ర గీతలతో. మెచ్చుకున్న గీతలు.

"మీ పడవ వల్ల ఒక మంచి జరిగిందమ్మా. ఉత్తరపు గోడ తిరిగి పేర్చిందే అయినా, రాళ్ళు మాత్రం అసలైనవేనని తేలింది. అసలు గోడ అంటే రక్షించాలి. దానికి ఊపిరాడాలి" అన్నారు.

ఊపిరాడడం అంటే పదకొండు ఇళ్ళూ తీసేయడం. గోడ వారన చిన్న మ్యూజియం కడతారట. దానికి పర్మనెంటు ఉద్యోగి కావాలట. ఉద్యోగంతోపాటు క్వార్టరు. "మీరు తప్ప ఎవరున్నారు?" అన్నారు. క్వార్టరు చూపించారు కూడా. రెండో అంతస్తు. రెండు కిటికీలు. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. కాసేపు చెయ్యి అక్కడే ఉంచాను.

నోటీసులు అంటించారు. అభ్యంతరాలుంటే ఇరవై రోజుల్లో చెప్పుకోవాలి. మా సందంతా వాకిట్లోకి వచ్చేసింది. ఏడో ఇంట్లో ఒంటరిగా ఉండి జాకెట్లు కుట్టుకునే ఆవిడని అందరూ కుట్లత్త అంటారు. మెడలో టేపు వేలాడుతుండగానే మా గుమ్మంలోకి వచ్చింది.

"గోడకి ఊపిరాడాలట. మరి మాకో? చదువుకున్నదానివి నువ్వే చెప్పవే, ఇన్నేళ్ళు ఆడని ఊపిరి దానికిప్పుడే ఆడాల్సొచ్చిందా?"

"పైవాళ్ళ నిర్ణయం అత్తా."

"పైవాళ్ళకి ఆ రాయి చూపించిందెవరు?"

మావయ్య అరుగు మీద కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. పనేం లేకపోయినా వారానికోసారి నూరేవాడు. "కుట్లమ్మా, కంగారుపడకు. అవి పాత రాళ్ళు కావు. నేను చెప్తాను" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! పోయిన గొడుగు నా దగ్గరుందని చెప్పినట్టు.

ఆవిడ వెళ్ళాక మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచాడు. ఆయనకి అప్పటికే వాళ్ళ నాన్న అంతా చెప్పాడు.

"నాన్న చెప్తాడు. నిన్ను కూడా అడుగుతారు. నీ సంగతేంటి?"

"నేనేం చెప్పను? ఆ నాలుగు పేజీలూ తప్పని చెప్తే రేపట్నుంచి నా వెనక ఎవడు నడుస్తాడు?"

"ఎవడూ నడవకపోతే నువ్వే ఎవరి వెనకో నడువు."

"మీకేం, ఎక్కి దిగేవాళ్ళుంటే చాలు. లిఫ్టు అబద్ధం చెప్పినా నిజం చెప్పినా ఒకటే." గొంతు తగ్గించాను. "తొమ్మిదేళ్ళయిందండీ ఈ బూజులో. ఒక్క పొడి గోడ అడిగాను. తప్పా?"

ఆయన గోడ మీద నీటి చార వైపు చూశాడు. ఆ చూపుని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

విచారణ రోజున డైరెక్టరు గారి గదిలో బల్లకి అటు ముగ్గురు అధికారులు, ఇటు మా సందు పెద్దలు. నన్ను అటూ ఇటూ కాకుండా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. లారీల సంగతి, పుల్లమజ్జిగ సంగతి, అత్త సంగతి. అత్త సంగతి చెప్పేటప్పుడు గువ్వా అనే పేరు దగ్గర కొంచెం తడబడ్డాడు. పది మందిలో అది పలకడం ఆయనకి అలవాటు లేదు.

"రికార్డులో పాత రాళ్ళతోనే కట్టినట్టుంది పెద్దాయనా" అన్నాడు ఒక అధికారి.

"రికార్డు ఎవరు రాశారో వాళ్ళే రాళ్ళు ఎత్తుకుపోయారు బాబూ."

"వాళ్ళున్నారా?"

"లేరు."

"పేరుకైనా ఒక్క సాక్ష్యం..."

"కాగితం ఇవ్వండి" అన్నాడు మావయ్య.

కాగితం, కలం ఇచ్చారు. ఆయన కలాన్ని ఉలిలా పట్టుకున్నాడు. నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, రాసినట్టు కాకుండా చెక్కినట్టు, ముక్క ముక్కగా గీత లాగి, ఒక గ వేశాడు. పెద్దది. కాగితం నిండా. దాన్ని ఫొటో పక్కన పెట్టారు. ఫొటోలో పడవ, కాగితం మీద గ.

"ఇది వేరుగా ఉందే" అన్నాడు ఆ అధికారి.

"తిప్పండి బాబూ."

కాగితం తిప్పారు. కుట్లత్త ముందుకి వంగి చూసి, "అదిగో!" అంది. ఆ వంకరా ఆ దొప్పా నాకు కూర్చున్న చోటునుంచే కనిపిస్తున్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

డైరెక్టరు గారు నావైపు తిరిగారు. "అమ్మా, మీరు చదువుకున్నవారు. కుటుంబం సంగతి పక్కన పెట్టి చెప్పండి. ఇది అక్షరమేనంటారా?"

మావయ్య కూడా నావైపు చూశాడు. చిన్నగా నవ్వుతున్నాడు. పని అయిపోయిందన్నట్టు.

"అలా తిప్పి చూస్తే ఏ గీతైనా ఏదో ఒక అక్షరంలాగే కనిపిస్తుందండి" అన్నాను.

అంతే అన్నాను. అబద్ధం కూడా కాదు అది. కాగితం మీద రాసుకున్నారు. ఫ్యాను గాలికి గ ఉన్న కాగితం ఎగిరి కింద పడితే, మావయ్య వంగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కుట్లత్త దారిపొడుగునా నన్ను తిట్టింది. నా వంశాన్నీ నా చదువునీ కలిపి తిట్టింది. మావయ్య "ఊరుకో కుట్లమ్మా" అన్నాడు. "అమ్మాయికి కాళ్ళు నొప్పులు. రోజూ నడుస్తుంది" అన్నాడు. ఆ తిట్లు నాకు ఒక్కటీ గుర్తులేవు.

ఆ రోజునుంచి మా ఆయన నన్ను ఏడిపించడం మానేశాడు. కూరలకి వెళ్ళి పూటంతా గడిపి వచ్చినా ఒక్క మాట అనడు. "వచ్చావా" అంటాడు, అంతే. ఇరవైమంది ముందు గలగలా మాట్లాడి వచ్చి ఇంట్లో చెంచా చప్పుడు వింటూ అన్నం తినేదాన్ని.

చలి తగ్గుతుండగా ఇళ్ళు తీసేశారు. పదకొండు ఇళ్ళకి రెండు రోజులు కూడా పట్టలేదు. మూడు గోడల ఇళ్ళు కదా. కుట్లత్త మిషన్ నెత్తిన పెట్టుకుని తమ్ముడింటికి పోయింది. అక్కడ మరదలు మిషన్ చప్పుడు పడదంటోందని తర్వాత విన్నాను. మేం క్వార్టరుకి వచ్చాం. మావయ్యకి కిటికీ పక్కన మంచం వేశాను. వచ్చినరోజు గోడ తడిమి చూసి, "పొడిగా ఉంది" అన్నాడు. ఆ తర్వాత మూడు వారాల్లో ఆయన నాతో అన్న మాటలు నేను వేళ్ళ మీద చెప్పగలను. నేను కోప్పడతాడేమోనని చూశాను. కోప్పడితే కాళ్ళు పట్టుకుందామని కూడా అనుకున్నాను. ఆయన ఉలి నూరుకునేవాడు.

పడవ రాయి చుట్టూ ఇత్తడి చట్రం బిగించారు. పైన చిన్న దీపం. పక్కన బోర్డు, నేను రాసిందే. కట్టబోయే మ్యూజియం టికెట్టు మీద కూడా పడవే.

సీజను చివరి వారం. పొద్దున గుంపుని తీసుకుని వెళ్ళాను. ఇళ్ళు లేకపోయేసరికి గోడ అల్లంత దూరంనుంచే మొత్తం కనిపిస్తుంది. బట్టతలలా. "వెనకటి రాతి పనివాళ్ళు..." అంటూ వెనక్కి నడుస్తూ చెయ్యి చాచాను. జనం నా చేతి వైపు కాకుండా ఇంకెక్కడో చూస్తున్నారు. తిరిగి చూశాను.

చట్రం అలాగే ఉంది. దాని మధ్యలో రాయి తెల్లగా ఉంది. అప్పుడే కోసిన కొబ్బరిలా. గీత లేదు, వంకర లేదు. గోరు పెట్టినా తగలనంత నున్నగా చదును చేసి ఉంది. అంత మంచి పని ఈ ఊళ్ళో చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

మావయ్య కింద పనిముట్ల సంచి మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా మీదా కనుబొమ్మల మీదా రాతిపిండి. పక్కన కాపలావాడు ఖాళీ టీ గ్లాసు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. "మేస్త్రి గారే కదా, ఆఫీసువాళ్ళు రిపేరుకి పంపారనుకున్నాను మేడం" అన్నాడు. టీ కూడా తనే తెచ్చిచ్చాడట.

"మావయ్యా, ఏం చేశారు?"

ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, గుంపు వైపు తిరిగి మర్యాదగా అన్నాడు: "ఇక్కడేం లేదండీ. ముందుకి పదండి."

మధ్యాహ్నానికి స్టేషన్లో ఉన్నాం. మా ఆయన డ్యూటీలోంచి అలాగే వచ్చేశాడు, చేతులకి గ్రీజుతో. మావయ్య బల్ల మీద కూర్చున్నాడు. డైరెక్టరు గారు ఫిర్యాదు పంపారు గానీ తాను రాలేదు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు. ముసలాయనకి నీళ్ళిప్పించాడు.

"చూడండమ్మా, పురాతన కట్టడం పాడుచేస్తే జైలే. వయసు చూసినా తప్పదు. పాడయింది పాతది కాకపోతే మాత్రం ఇది కేసే కాదు. మందలించి పంపేస్తాను. నిపుణులు మీరేనట. చెప్పండి, ఎంత పాతది?"

ఈసారి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముప్పై ఒక్క ఏళ్ళదండి. ఆయన చెక్కిందే. మా అత్తగారి పేరులో మొదటి అక్షరం."

మా ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఎన్ని వారాల తర్వాతో.

ఇన్‌స్పెక్టరు రాయలేదు. కలం మూత పెట్టాడు. ఫిర్యాదుకి జతచేసిన కాగితాలు తీసి నా ముందుకి జరిపాడు. నాలుగు పేజీలు, అడుగున విచారణ నాడు నేనన్న మాట టైపు చేసిన ఇంకో పేజీ.

"ఇది మీ రాతేనా?"

"నాదే."

"సంతకం?"

"నాదేనండి. కానీ..."

"అప్పుడేమో పరాయి ఊరి మేస్త్రి, ఏడొందల ఏళ్ళు. ఇప్పుడేమో అత్తగారు. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? రాసిచ్చింది నా ముందుంది. నోటితో చెప్పింది మావగారిని తప్పించడానికని ఎవరైనా అంటారు."

ఆ కాగితాలు అటూ ఇటూ సర్దుతూ కూర్చున్నాను. ఇంత మాటకారిని. బల్ల మీదనుంచి మావయ్య అన్నాడు.

"ఆవిడ రాసిందే ఉంచండి బాబూ. అది పడవే. నేనే పాడుచేశాను."

"నాన్నా!" అన్నాడు మా ఆయన.

"నువ్వుండరా. చదువుకున్నమ్మాయి ఆలోచించి రాసింది. మధ్యలో మన మాటెందుకు?"

నామీద కసితో అన్నాడా, నా ఉద్యోగం నిలబెట్టడానికి అన్నాడా? ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన గొంతులో రెండూ లేవు. అలసట ఒక్కటే ఉంది.

ఇన్‌స్పెక్టరు రాయడం మొదలుపెట్టాడు. రాసింది చదివి వినిపించాడు. ఏడు వందల సంవత్సరాల నాటి పడవ గుర్తును ఉద్దేశపూర్వకంగా ధ్వంసం చేసితిని అని. పైనున్న మాటలన్నీ నావే, నా నాలుగు పేజీల్లోవే. కాగితం మావయ్య ముందు పెట్టి కలం ఇచ్చాడు.

"సంతకం వచ్చా?"

"ఒక్క అక్షరం కూడా రాదు బాబూ" అని మావయ్య బొటనవేలు చాపాడు.

కానిస్టేబులు ఆ వేలిని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాడు. నల్లటి మరక పడింది. గీతలేం లేవు. తుడిచి మళ్ళీ ఒత్తాడు. అంతే. మూడోసారి రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ దొర్లించాడు. అరవై ఏళ్ళు రాళ్ళు పట్టిన వేలు. దాని మీద ఏమీ మిగల్లేదు.

"ఇది ఎవరిదో ఎలా తెలుస్తుంది సార్?" అన్నాడు కానిస్టేబులు.

ఇన్‌స్పెక్టరు కాగితం నావైపు తిప్పాడు. "ఇది ఆయన వేలిముద్రేనని పక్కన సాక్షి సంతకం పెట్టండమ్మా. మీ సంతకం అయితే ఎవరూ అడగరు."

మా ఆయన బయటికి వెళ్ళిపోయాడు. మావయ్య నల్లటి వేలిని దూరంగా పెట్టుకుని, చొక్కాకి అంటకుండా కూర్చున్నాడు.

పెట్టాను. ఒక్క కొట్టివేత లేదు.